అమ్మకి సింగపూర్ చూపించాలి, చేతిలో లక్షా పాతిక వేలే ఉన్నాయి

ప్రశ్న: అక్కా, మాది విజయనగరం. కోట దగ్గర చిన్న సెల్‌ఫోన్ రిపేరు షాపు నాది. నాన్న పోయాక అమ్మే మిషన్ కుట్టి నన్నూ చెల్లినీ పెంచింది. ఆవిడకిప్పుడు 61 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులు, బీపీ ఉన్నాయి. చెల్లి పెళ్ళికి చేసిన అప్పు పోయిన నెలతో తీరింది. చీటీ డబ్బులు లక్షా పాతిక వేలు చేతికొచ్చాయి. వీటితో అమ్మని సింగపూర్ తీసుకెళ్ళాలని నా కోరిక. ట్రావెల్ ఏజెంటుని అడిగితే మూడు రాత్రుల ప్యాకేజీ, ఇద్దరికీ లక్షా అరవై వేలు అన్నాడు. సొంతంగా వెళ్తే నా డబ్బు సరిపోతుందా? అమ్మేమో ‘మనకెందుకు బావూ అంత దూరం, దాసుకో ఆ డబ్బులు’ అంటోంది. మరీ గట్టిగా అడిగితే ‘ఇమానంలో ఓపాలి కిటికీ కాడ కూకుంటే సాలు’ అంది. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

తమ్ముడూ,

సరిపోతుంది. ఇద్దరికీ నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు, లక్షా పదివేల లోపు అవుతుంది. మిగతా పదిహేను వేలు అవసరానికి దగ్గర ఉంచుకో.

సింగపూర్ ఖరీదైన ఊరన్న మాట నిజమే. అయితే అన్నీ ఖరీదు కావు. గది ఖరీదు, టాక్సీ ఖరీదు, టికెట్ పెట్టి చూసే పార్కులు మరీ ఖరీదు. తిండి, మెట్రో, బస్సు, తోటలు, సాయంత్రం దీపాల వేడుకలు మనబోటి వాళ్ళకీ అందేవే. ఏజెంటు ప్యాకేజీలో ఖరీదైనవన్నీ కలిపి, పొద్దున్న ఏడింటికి బస్సెక్కించి రాత్రి పదింటికి దించుతారు. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అది శిక్షే. నీ మీద నువ్వు ఎంత పొదుపైనా చెయ్యి, అమ్మ కాళ్ళ దగ్గర మాత్రం చెయ్యకు. ఎందుకంటున్నానో చెప్తాను.

మా నాన్నని తీసుకెళ్ళినప్పుడు నేను ఇక్కడే తప్పు చేశాను. రాత్రికి పదిహేను డాలర్లు తక్కువ వస్తుందని స్టేషన్‌కి దూరంగా ఒక గది తీసుకున్నాను. మ్యాప్‌లో రెండు వీధుల దూరంలా కనిపించింది. నడిస్తే ఇరవై నిమిషాలు. దానికి తోడు పాతకాలపు మేడ, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆ ఎండలో, ఉక్కలో పోను ఇరవై, రాను ఇరవై, ఆ పైన మెట్లు. మొదటి రెండు రోజులూ నాన్న నోరెత్తలేదు. మూడో రోజు పొద్దున్న చెప్పులు వేసుకోబోయి మళ్ళీ మంచం మీద కూర్చుని, ‘మీరెళ్ళి రండమ్మా, నేను పడుకుంటాను’ అన్నారు. కిటికీ లేని ఆ గదిలో ఆయన్ని రోజంతా ఒంటరిగా వదిలి వెళ్ళామన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. తర్వాతి రెండు రోజులూ టాక్సీల్లో తిరిగాం. గదిలో మిగిల్చినదానికి రెండింతలు టాక్సీలకే పోయింది.

కాబట్టి ముందు గది సంగతి. లిటిల్ ఇండియా మెట్రో స్టేషన్‌కి ఐదు నిమిషాల నడకలో చూడు. ఆ పేటలో మనవాళ్ళు ఎక్కువని కాదు నేను చెప్పేది, అక్కడి రైలు కోసం. మెట్రో మ్యాప్‌లో నీలం రంగు గీత ఒకటి ఉంటుంది, డౌన్‌టౌన్ లైన్ అంటారు. లిటిల్ ఇండియాలో ఎక్కితే బొటానిక్ గార్డెన్స్ అటు మూడో స్టేషను, మెరీనా బే దగ్గరి బేఫ్రంట్ ఇటు నాలుగో స్టేషను. చైనాటౌన్ కూడా అదే గీత మీద ఉంది. విమానాశ్రయం నుంచి వచ్చేటప్పుడు ఒక్క స్టేషను వెళ్ళి ఎక్స్‌పోలో దిగి, ఇదే నీలం లైను ఎక్కితే నేరుగా లిటిల్ ఇండియాలో దిగుతారు. అమ్మ చూడదగ్గ చోట్లు చాలావరకు ఈ ఒక్క గీత మీదే ఉన్నాయి. స్టేషన్లన్నిటికీ లిఫ్టులున్నాయి. రైల్లో పెద్దవాళ్ళకి విడిగా సీట్లున్నాయి, ఎవరైనా కూర్చుని ఉన్నా అమ్మని చూసి లేచి ఇస్తారు.

బుక్ చేసేటప్పుడు నాలుగు విషయాలు చూసుకో. లిఫ్ట్ ఉందా, గదికి కిటికీ ఉందా, బాత్‌రూమ్ గదిలోనే ఉందా, ఏసీ ఉందా. చౌక హోటళ్ళలో కిటికీ లేని గదులు మామూలే, ఫొటోలో తెర వేసి ఉంటే మనకి తెలియదు. నువ్వొక్కడివే అయితే హాస్టల్లో బెడ్ తీసుకోమనేదాన్ని, సగానికి సగం మిగులుతుంది. అమ్మతో వద్దు. చిన్న గది చాలు, రాత్రికి 100 డాలర్ల దగ్గర దొరుకుతుంది. డాలరంటే సింగపూర్ డాలరే. మన డబ్బులో 70 రూపాయల చొప్పున లెక్క వేశాను.

ఇంకో చిక్కుంది. విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా వెళ్ళే విమానం నాలుగు గంటల్లో చేరుస్తుంది కానీ, సాధారణంగా రాత్రి బయల్దేరి తెల్లవారకముందే దించేస్తుంది. హోటల్ వాళ్ళేమో మధ్యాహ్నం రెండు, మూడు దాకా గది ఇవ్వరు. నిద్రలేని ముఖంతో అమ్మ అంతసేపు ఎక్కడ కూర్చుంటుంది? ముందే హోటల్‌కి మెసేజ్ పెట్టి, పొద్దున్నే గది ఇవ్వగలరా, ఎంత అదనంగా తీసుకుంటారు అని అడుగు. ఇరవై, ముప్పై డాలర్లకి ఒప్పుకుంటే ఇచ్చెయ్యి. మొదటి రోజు స్నానం చేసి నాలుగు గంటలు నిద్రపోతే మిగతా రోజులన్నీ బాగుంటాయి.

టికెట్లు రెండు మూడు నెలల ముందే కొను. పండగ సెలవుల్లో, శుక్ర ఆదివారాల్లో రేటు పెరుగుతుంది. సిరిమాను చూడకుండా మీ అమ్మ ఊరు కదలదని నాకు తెలుసు. సిరిమానోత్సవం అయ్యాక, దీపావళి లోపు వెళ్ళండి. అప్పటికి లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డంతా దీపావళి దీపాల తోరణాలు కట్టేస్తారు. నవంబరు నుంచి జనవరి దాకా అక్కడ వానలెక్కువ. మిగతా నెలల్లోనూ ఏ మధ్యాహ్నమో ఓ జల్లు తప్పదు, చెరో గొడుగూ పెట్టుకోండి.

చౌక విమానాల్లో టికెట్ ధర తక్కువగా కనిపించి తర్వాత ఒక్కొక్కటీ పెరుగుతుంది. సామానుకి, సీటుకి, భోజనానికి అన్నిటికీ విడిగా కట్టాలి. చేతి సామాను 10 కిలోలకి మించకూడదు. ఇద్దరికీ కలిపి 20 కిలోల బ్యాగు ఒకటి టికెట్‌తోనే కొనెయ్యి, ఎయిర్‌పోర్టులో కొంటే చాలా ఎక్కువ.

పాస్‌పోర్టులున్నాయో లేదో నువ్వు రాయలేదు. లేకపోతే ముందు అదే పని. 60 దాటిన వాళ్ళకి ఫీజులో 10 శాతం తగ్గింపు ఉంది. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. ఆధార్‌లో ఒకలా, బ్యాంకులో ఒకలా, ఇంటిపేరు ఒకచోట ముందూ ఒకచోట వెనకా ఉండటం మన ఆడవాళ్ళ కాగితాల్లో మామూలు. టికెట్ కొనేటప్పుడు పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని టైపు చెయ్యి. వెళ్ళే రోజుకి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. మీ అమ్మ పదో తరగతి పాసవకపోతే గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఎవరో ఈసీఆర్, అంటే వలస అనుమతి కావాలని భయపెడతారు. అది ఉద్యోగాలకి కొన్ని దేశాలు వెళ్ళేవాళ్ళ సంగతి. ఆ దేశాల్లో సింగపూర్ లేదు, పైగా 50 దాటిన వాళ్ళకి ఆ షరతే ఉండదు.

మనకి వీసా తప్పనిసరి. ప్రయాణానికి నెల లోపు, అధికారిక ఏజెంటు ద్వారా అప్లై చెయ్యాలి. ప్రభుత్వ ఫీజు మనిషికి 30 డాలర్లు, ఆ పైన ఏజెంటు ఛార్జీ. నలుగురు ఏజెంట్లని అడుగు, ఛార్జీలో చాలా తేడా ఉంటుంది. దిగే రోజుతో కలిపి మూడు రోజుల ముందు నుంచి ఎస్‌జీ అరైవల్ కార్డ్ అనే ప్రవేశ ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం. అచ్చం అలాగే కనిపించే సైట్లు పెట్టి డబ్బు గుంజేవాళ్ళున్నారు. డబ్బు అడిగిందంటే అది అసలు సైటు కాదని తెలుసుకో.

ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకో, అందులో అమ్మ బీపీ సంగతి దాచకుండా రాయి. అక్కడ ఆసుపత్రి బిల్లు మనం తట్టుకోలేం. మందుల చీటీ, మాత్రలు అట్టలతో సహా చేతి సంచిలోనే ఉండాలి. నిద్రమాత్రలు, కొన్ని దగ్గుమందుల లాంటివి అయితే ముందే అనుమతి కావాలి.

సామానులో ఏం పెట్టకూడదో అమ్మతో కూర్చుని మాట్లాడు. మసాలా పొట్లాల్లో గసగసాలు ఉంటే తీసెయ్యండి, అక్కడ అవి మత్తుమందుల చట్టం కిందికి వస్తాయి. గుట్కా, ఖైనీ, జర్దా, చూయింగ్ గమ్, ఈ-సిగరెట్ ఏవీ తీసుకెళ్ళకూడదు. మీ ఇంట్లో అలవాటుందని కాదు, మన వైపు పెద్దవయసు ఆడవాళ్ళకి చుట్ట అలవాటు ఉంటుంది కాబట్టి చెప్తున్నాను. చుట్టలైనా సిగరెట్లైనా ఒక్కదానికి కూడా పన్ను మినహాయింపు లేదు, దిగగానే చెప్పి పన్ను కట్టాలి. ఆవకాయ, పప్పుల పొడి, జంతికలు నిశ్చింతగా పెట్టుకోండి. మాంసం పచ్చళ్ళు మాత్రం వద్దు.

ఇక తిండి. హాకర్ సెంటర్లని ఉంటాయి. ఒకప్పుడు వీధుల్లో బళ్ళ మీద అమ్మేవాళ్ళందరినీ ప్రభుత్వం పెద్ద పెద్ద షెడ్ల కిందికి చేర్చి, నీళ్ళు, డ్రైనేజీ పెట్టి, లైసెన్సులిచ్చింది. 2020లో యునెస్కో కూడా ఈ హాకర్ సంస్కృతిని గుర్తించింది. లిటిల్ ఇండియా స్టేషన్ పక్కనే టెక్కా సెంటర్ ఉంది. ఇడ్లీ, దోశ, పరోటా, అన్నం, నాలుగు నుంచి ఆరు డాలర్లలో మనిషికి కడుపు నిండుతుంది. పెద్ద హోటళ్ళలో మెనూ ధర మీద 10 శాతం సర్వీసు ఛార్జీ, ఆ పైన 9 శాతం పన్ను వేస్తారు. హాకర్ సెంటర్‌లో బోర్డు మీద ఉన్నదే ధర. చాలా కొట్లలో నగదే సులువు, చిల్లర డాలర్లు ఉంచుకో. అమ్మకి శనివారం ఒక్కపొద్దులాంటివి ఉంటే శాకాహారం అని రాసిన కొట్లున్నాయి. అరిటాకు భోజనం కావాలంటే సెరంగూన్ రోడ్డులో 1947 నుంచీ నడుస్తున్న కోమల విలాస్ ఉంది. ధర కాస్త ఎక్కువ, ఒక్క పూట పెట్టించు.

ఒక విషయం ముందే తెలిస్తే మంచిది. మా నాన్న మొదటి రోజు టెక్కాలో ఖాళీ బల్ల చూసి కూర్చున్నారు. బల్ల మీద చిన్న టిష్యూ పొట్లం ఉంటే ఎవరో మర్చిపోయారనుకుని పక్కకి జరిపారు. కాసేపటికి ఓ చైనా ముసలావిడ రెండు చేతులతో ట్రే పట్టుకుని వచ్చి నిలబడింది. ఆ పొట్లం పెట్టారంటే ఆ సీటు ఎవరో ఉంచుకున్నట్టు, మన బస్సులో తువ్వాలు వేసినట్టే. నాన్న గాభరాగా లేవబోతే ఆవిడ చేత్తో ‘కూర్చో కూర్చో’ అని సైగ చేసి, ఎదురుగా కూర్చుని, తన పళ్ళెంలోంచి బొప్పాయి ముక్కలు రెండు ఆయన పళ్ళెంలో పెట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు. తినడం అయ్యాక ఆవిడే ట్రే తీసుకెళ్ళి ఎక్కడ పెట్టాలో చూపించింది. తిన్న ట్రే మనమే తీసుకెళ్ళి పెట్టాలి, వదిలేసి వెళ్తే జరిమానా కూడా వేయొచ్చు.

అందుకని ఇంగ్లీషు గురించి బెంగ పెట్టుకోకు. తమిళం అక్కడ నాలుగు అధికార భాషల్లో ఒకటి, టెక్కాలో మన దక్షిణాది వాళ్ళు చాలామంది కనిపిస్తారు. రోజంతా ఫోన్లు విప్పి బిగించేవాడివి, మ్యాప్‌లో దారి చూసుకోవడం నీకొక లెక్కా? హోటల్ పేరు, అడ్రసు, నీ నంబరు ఒక కాగితం మీద రాసి అమ్మ పర్సులో పెట్టు. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, వీసా ప్రింట్లు చేతిలో ఉంచుకో. అధికారి ఎన్ని రోజులు, ఎక్కడ దిగుతారు అనే అడుగుతాడు. ఆ కాగితాలు చూపిస్తే సగం మాటలు వాటితోనే అయిపోతాయి.

మెట్రోకి ఈజీ-లింక్ కార్డులు రెండు తీసుకో. ఒకే కార్డుతో ఇద్దరూ వెళ్ళడం కుదరదు. మన బ్యాంకు కార్డు గీసినా గేటు తెరుచుకుంటుంది, కానీ విదేశీ కార్డుకి రోజుకి 60 సెంట్ల అదనపు రుసుము పడుతుంది, ఆ పైన మన బ్యాంకు కోత. రైల్లో తినడం, తాగడం నిషేధం, ఆఖరికి నీళ్ళు కూడా. అమ్మకి ఎక్కే ముందే తాగించు. కుళాయి నీళ్ళు శుభ్రంగా తాగొచ్చు, ఇంటి నుంచి ఖాళీ సీసా పట్టుకెళ్తే నీళ్ళకి పైసా ఖర్చుండదు.

రోజుకి రెండే చోట్లు పెట్టుకో. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యాహ్నం గదిలో పడక. మొదటి రోజు సాయంత్రం సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి, వీరమాకాళి అమ్మవారి గుడికి వెళ్ళండి. మధ్యాహ్నం గుళ్ళు మూసేస్తారు. పరాయి దేశంలో మొదటి అడుగు వెంకన్న గుడిలో పడితే అమ్మ భయం సగం తగ్గుతుంది. రెండో రోజు పొద్దున్న ఎండెక్కకముందే బొటానిక్ గార్డెన్స్. ప్రవేశం ఉచితం, పొద్దున్న ఐదింటికే తెరుస్తారు, 2015 నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం. ఆర్కిడ్ తోటకి మాత్రం టికెట్.

అదే రోజు సాయంత్రం గార్డెన్స్ బై ద బే. బయటి తోటంతా ఉచితం. 25 నుంచి 50 మీటర్ల ఎత్తున ఇనుముతో కట్టి, మొక్కలు పాకించిన మహావృక్షాలు ఉంటాయి. రాత్రి 7:45కి ఒకసారి, 8:45కి ఒకసారి పాటలతో వాటి దీపాలు ఆడతాయి. అరగంట ముందే వెళ్ళి, దుప్పటి ఒకటి పరిచి అమ్మని వెల్లకిలా పడుకోబెట్టు. అక్కడ పెద్దా చిన్నా అందరూ అలాగే పడుకుని చూస్తారు, ఎవరూ వింతగా చూడరు. మెడ నొప్పి ఉండదు, కాళ్ళకి విశ్రాంతి, పైన కొమ్మలన్నీ నీలంగా, ఎర్రగా మారుతుంటే మనం వాటి వేళ్ళ దగ్గర ఉంటాం. మా నాన్న ఆ పావుగంటా నోరు తెరిచి అలాగే చూశారు. టాక్సీలో వచ్చినా ఆయన మనసారా సంతోషపడింది ఆ పావుగంటే.

టికెట్ పెట్టి చూసేది ఒక్కటే పెట్టుకో. నన్నడిగితే అక్కడే ఉన్న క్లౌడ్ ఫారెస్ట్. అద్దాల మేడలో 35 మీటర్ల జలపాతం, లోపలంతా చల్లగా ఉంటుంది. లిఫ్టులో పైకి వెళ్ళి మెల్లగా నడుచుకుంటూ దిగడమే. పక్కనున్న పూల మేడతో కలిపి ఇద్దరికీ 100 డాలర్లు అనుకో. యూనివర్సల్ స్టూడియోస్ వద్దు, అది పరిగెత్తే పిల్లలకి. ఎత్తు నుంచి ఊరు చూడాలంటే పెద్ద హోటల్ పైకప్పుకి డబ్బు పొయ్యక్కర్లేదు. చైనాటౌన్ దగ్గర పినాకిల్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో 50వ అంతస్తు వంతెన మీదికి 6 డాలర్లకి వెళ్ళనిస్తారు. మన అపార్ట్‌మెంట్ల లాంటి ఇళ్ళల్లో బట్టలు ఆరేసుకుంటూ బతికే మామూలు జనాన్ని చూడటం అమ్మకి సింహం తల, చేప ఒళ్ళు ఉన్న మెర్లయన్ బొమ్మకంటే నచ్చొచ్చు. సెంటోసా దీవికి నడక దారి ఉచితమే, కానీ అమ్మకి అంత నడక వద్దు. నాలుగు డాలర్ల రైలెక్కించు.

తిరుగు విమానం రాత్రిదైతే మధ్యాహ్నమే ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోండి. అక్కడి జ్యూవెల్ అనే మాల్‌లో 40 మీటర్ల నుంచి లోపలికే పడే జలపాతం ఉంది, చూడటానికి డబ్బు అక్కర్లేదు.

లెక్క ఇదిగో. విమానం, బ్యాగు, సీట్లతో 46 వేలు. వీసాలు 6 వేలు. గది 28 వేలు. తిండి రోజుకి 35 డాలర్ల చొప్పున 12 వేల పైచిలుకు. మెట్రో, బస్సులు 4 వేలు. క్లౌడ్ ఫారెస్ట్ 7 వేలు. ఇన్సూరెన్స్ 2 వేలు, సిమ్ 1500. విజయనగరం నుంచి విశాఖ రానుపోను కారు 2500. పాస్‌పోర్టు ఖర్చు ఇందులో కలపలేదు. ఉదయమే గది తీసుకుంటే ఆ ఇరవై, ముప్పై డాలర్లు కూడా కలుపుకో. మిగిలినదాంట్లో చెల్లికి, ఆమె పిల్లలకి ఏమైనా కొన్నా పదివేలు మాత్రం చివరి రోజు దాకా ముట్టుకోకు.

‘మనకెందుకు అంత దూరం’ అన్నందుకు అమ్మతో ఒక మాట చెప్పు. ఆ దూరం మన ఒడ్డుకి కొత్త కాదు. మా నాయనమ్మ చిన్నప్పుడు ఏ ఇంట చూసినా ఒకరో ఇద్దరో ఓడెక్కి ‘రంగం’ వెళ్ళినవాళ్ళేనట, అంటే రంగూన్. ఆ తూర్పు దేశాల్లో మన దక్షిణాది వాళ్ళని పాతకాలంలో ‘క్లింగ్’ అనేవారు, అది కళింగ నుంచి వచ్చిన మాట. ఇప్పుడది చిన్నచూపు మాట అయింది, నువ్వక్కడ అనకు. పొట్టకోసం ఓడ అడుగున కూర్చుని వెళ్ళిన వాళ్ళ ఊళ్ళ నుంచే మీ అమ్మ ఇప్పుడు కేవలం చూడటానికి వెళ్తుంది.

ఆవిడ అడిగింది ఒక్కటే కదా, కిటికీ దగ్గర కూర్చోవాలని. చౌక విమానంలో సీటు కొనకపోతే ఎక్కడో మధ్యలో వేస్తారు. ఆ నాలుగైదు వందల దగ్గర వెనకాడకు. రెక్క మీద పడని వరస చూసి అమ్మకి కిటికీ సీటు, పక్కది నీకు, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కొను. దిగే ముందు అరగంట ఆవిడని లేపి కూర్చోబెట్టు. చీకట్లో సింగపూర్ చుట్టూ సముద్రం మీద లంగరేసిన ఓడలు వందల దీపాలతో నిలబడి ఉంటాయి. కిటికీ తెర పూర్తిగా పైకెత్తి ఉంచు.